పరుగు వద్దన్నాక నడకను మనదిగా చేసుకోవడం ఎలా

ఏళ్ల తరబడి పరుగెత్తినవాళ్లకు ‘ఇక పరుగు మానేసి నడవండి’ అని డాక్టరు అంటే అది శిక్షలాగే వినిపిస్తుంది. మోకాలి కీలులోని మెత్తటి పొర (కార్టిలేజ్) అరిగి ఉండవచ్చు, గుండెకు స్టెంట్ వేసి ఉండవచ్చు, గుండె లయ తప్పుతూ ఉండవచ్చు, తుంటి కీలు మార్చి ఉండవచ్చు, కాలి ఎముకలో సన్నటి పగులు మళ్లీ మళ్లీ వస్తూ ఉండవచ్చు. కారణం ఏదైనా బాధ ఒకటే. తెల్లవారేసరికి కాళ్లు పరుగు అడుగుతాయి, ఒళ్లు ఒప్పుకోదు.

పది కిలోమీటర్లో, హాఫ్ మారథానో, ఫుల్ మారథానో పరుగెత్తి, ఇప్పుడు ఆ దూరాలు కుదరనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టేవాళ్లకు ఇచ్చే సలహాలు మీకు పెద్దగా పనికిరావు. వాళ్లను ఇంట్లోంచి బయటికి పంపడమే కష్టం. మిమ్మల్ని వేళకు ఇంటికి రప్పించడం కష్టం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పరుగుకు ఇచ్చిన శ్రద్ధంతా నడకకూ ఇవ్వండి. ప్రణాళిక, వారానికో పొడవైన రోజు, విశ్రాంతి రోజు, డైరీ, అన్నీ. కాకపోతే పరుగు కొలతలతో నడకను కొలవకండి.

ముందు, ఏది వద్దన్నారో అడిగి తెలుసుకోండి

‘పరుగు వద్దు’ అన్న మాట ఒకటే అయినా దాని వెనక కారణాలు వేరు. ఆ కారణాన్ని బట్టే మీ నడక ఎలా ఉండాలో తేలుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ మధ్య రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటి ఉంటుంది. ఆ ఎత్తు నుంచి దిగే పాదం మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి పడుతుంది. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీదే ఉంటుంది కాబట్టి ఆ తాకిడి బరువుకు సమానంగానో, మహా అయితే ఒకటిన్నర రెట్లుగానో ఉంటుంది. 70 కిలోల మనిషి పరుగులో ఒక్కో అడుగుకూ 140 నుంచి 210 కిలోల తాకిడి భరిస్తే, నడకలో 70 నుంచి 105 దగ్గర ఆగుతుంది. మీ సమస్య మోకాలో, తుంటో, ఎముక పగులో అయితే నడక ఇచ్చే అసలు మేలు ఇదే.

గుండె సంగతి వేరు. నిటారు మెట్ట ఎక్కుతూ వేగంగా నడిస్తే గుండె మీద పడే శ్రమ నెమ్మది పరుగుకు ఏమీ తీసిపోదు. ‘నడకే కదా’ అనుకుని గుండె జబ్బువాళ్లు మొదటి వారంలోనే ఎత్తులు ఎక్కడం మంచిది కాదు.

అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. వద్దన్నది పాదం మీద పడే తాకిడినా, గుండె వేగం పెరగడాన్నా, ఎక్కువసేపు శ్రమించడాన్నా? గుండె వేగం ఎంత దాటకూడదు? ఎత్తులు ఎక్కవచ్చా, దిగవచ్చా? ఎండలో, చలిలో జాగ్రత్తలేమైనా ఉన్నాయా? నేను వాడే మందుల్లో గుండె వేగాన్ని తగ్గించేవి ఉన్నాయా? ఈ చివరి ప్రశ్న మరీ ముఖ్యం. బీటా బ్లాకర్లు వాడుతుంటే ఎంత కష్టపడ్డా గుండె వేగం అంతగా పెరగదు. వాచీలో పాత జోన్లు (గుండె వేగాన్ని బట్టి శ్రమను విడగొట్టే మెట్లు) చూసి ‘ఇంకా తేలిక జోన్లోనే ఉన్నాను’ అనుకుంటే మోసపోతారు. గుండె జబ్బు తర్వాత కార్డియాక్ రిహాబ్‌కు, అంటే గుండె కోలుకోవడానికి చేయించే వ్యాయామ శిక్షణకు, పంపుతామంటే తప్పకుండా వెళ్లండి. పర్యవేక్షణలో నడిపించి మీ హద్దు ఎక్కడుందో చూపిస్తారు.

ఇంకో హెచ్చరిక. వైరల్ జబ్బు తర్వాత గానీ, దీర్ఘకాలపు నీరసంలో గానీ, కొందరికి శ్రమపడిన మరునాడో ఆ తర్వాతి రోజో ఒళ్లంతా కుప్పకూలినట్టు అవుతుంది. మీకు అలా జరుగుతుంటే వారం వారం పెంచుకుంటూ పోయే ఏ ప్రణాళికా మీకు కాదు, కింద నేను చెప్పేది కూడా. పెంచడం పక్కనపెట్టి, ఉన్న శక్తిలోనే రోజులు నడుపుకోవడం ఎలాగో మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి.

కిలోమీటర్లు కాదు, నిమిషాలు లెక్కపెట్టండి

మామూలు మనిషి చురుగ్గా నడిస్తే గంటకు 5 నుంచి 6 కిలోమీటర్లు వెళ్తాడు. అంటే కిలోమీటరుకు 10 నుంచి 12 నిమిషాలు. నిన్నటిదాకా ఆరు నిమిషాలకో కిలోమీటరు పరుగెత్తిన మనిషి వాచీలో 11 అన్న అంకె చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ బాధ పడనక్కర్లేదు. వాచీలోనూ, ఫోన్లోనూ పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) కనిపించకుండా తీసేయండి. నడకను ‘రన్’ పేరుతో కాకుండా ‘వాక్’గానే నమోదు చేయండి. వాచీ చూపించే వీఓటూ మ్యాక్స్ (శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) అంచనాను కొన్నాళ్లు పట్టించుకోకండి. అది గుండె వేగాన్నీ పేస్‌నూ కలిపి కట్టే లెక్క కాబట్టి, మందులు వాడుతున్నప్పుడు ఆ అంకెను నమ్మలేం.

దాని బదులు మూడు విషయాలు రాసుకోండి: ఎన్ని నిమిషాలు నడిచారు, ఎంత కష్టంగా అనిపించింది, మర్నాడు పొద్దున లేచాక ఒళ్లు ఎలా ఉంది. మూడోది మొదటి రెంటికన్నా విలువైనది. నా మట్టుకు నేను మర్నాటి సంగతి రాయకుండా కొత్త నడక మొదలుపెట్టను.

కష్టం కొలవడానికి పరికరం అక్కర్లేదు. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి అందుకోవాల్సి వస్తే తీవ్ర శ్రమ. అడుగుల జోరు కూడా మంచి కొలతే. నిమిషానికి 100 అడుగులు వేస్తే చాలామంది పెద్దవాళ్లకు మధ్యస్థ శ్రమ మొదలైనట్టు, 130 దగ్గరికి వస్తే తీవ్ర శ్రమలోకి వెళ్తున్నట్టు. పదిహేను సెకన్లలో 25 అడుగులు పడితే నిమిషానికి వంద. పరుగులో 160, 170 అడుగులు లెక్కపెట్టడం అలవాటైనవాళ్లకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది.

ఎంత నడవాలి అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చెప్పారు. రోజుకు 10,000 అడుగులు అన్న లెక్క 1960ల నడుమ జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. అది వైద్యులు నిర్ణయించిన హద్దు కాదు. అది పూర్తి చేయడానికి రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరగాల్సిన పని లేదు.

మొదటి ఆరు వారాలు

చదునైన దారిలో 20 నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి నాలుగైదు రోజులు చాలు. ‘నేను నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తినవాణ్ణి, ఇరవై నిమిషాలేంటి’ అని పౌరుషం వస్తుంది. రానివ్వండి, కానీ ఇరవై నిమిషాలకే ఇంటికి రండి. ఆపరేషను తర్వాతో, పెద్ద జబ్బు తర్వాతో అయితే ఇరవై కూడా ఎక్కువ కావచ్చు. అప్పుడు రోజుకు మూడుసార్లు ఐదేసి నిమిషాలు నడవండి.

మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా, చివరి ఐదు నిమిషాలు ఇంకా నెమ్మదిగా. వేగంగా నడుస్తూ ఉన్నట్టుండి ఆగి నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. బీపీ మందులు వాడేవాళ్లకు ఇది మరీ ఎక్కువ.

పెంచడానికి సూత్రం ఒకటే ఉంది. నొప్పికి పదికి ఎంతో మార్కు వేసుకోండి. నడిచేటప్పుడు మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దుటికల్లా ఎప్పటి స్థాయికి దిగిపోతే ఆ మోతాదు మీ కీళ్లకు సరిపోయినట్టే. వచ్చే వారం ప్రతి నడకకూ ఐదు నిమిషాలు కలపండి. మర్నాటికీ తగ్గకపోతే కలపకండి. రెండు రోజులైనా తగ్గకపోతే వెనక్కి వెళ్లండి. ఇలా పోతే ఆరో వారానికి 40, 45 నిమిషాలకు చేరతారు. వీటిలో ఒక్కరోజు నడకను మాత్రం కాస్త పొడవుగా ఉంచండి, అది మీ లాంగ్ డే. పాత ఆదివారపు పొద్దుటినే దానికి కేటాయించండి. ఎన్నో ఏళ్ల అలవాటున్న సమయాన్ని ఖాళీగా వదిలేస్తే ఆ ఖాళీయే మనిషిని కుంగదీస్తుంది.

తిండి గురించి ఒక్కమాట. కిలోమీటరు పరుగుకు కిలో బరువుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది, నడకకు అందులో సగమో మూడింట రెండొంతులో. మారథాన్ శిక్షణలో ఉన్నప్పటి ఆకలి వెంటనే తగ్గదు. మోకాలి సమస్యలో పెరిగే ప్రతి కిలో మోకాలే మోయాలి కాబట్టి మొదటి నెలల్లో బరువు మీద ఒక కన్నేసి ఉంచండి.

నడకకూ ఒక తీరు ఉంది

పరుగు నుంచి వచ్చినవాళ్లు వేగంగా నడవాలనుకోగానే అడుగును ముందుకు చాపుతారు. కాలు శరీరానికి బాగా ముందు పడి, మడమ బ్రేకులా నేలను గుద్దుతుంది. మోకాలికి మంచిది కాదు, వేగమూ రాదు. అడుగు పొడవు అలాగే ఉంచి, అడుగులు త్వరత్వరగా వేయండి. మోచేతులను పరుగులో లాగే వంచండి. చేతులు ఎంత చురుగ్గా ఊగితే కాళ్లూ అంత చురుగ్గా కదులుతాయి. చూపు పదిహేను ఇరవై అడుగుల ముందుండాలి. నడుము దగ్గర ముందుకు వంగకండి.

పాదం సంగతి దగ్గరగా చూడండి. మడమ మెత్తగా ఆనుతుంది, బరువు పాదం బయటి అంచు మీదుగా దొర్లుతూ వేళ్ల మొదలుకు చేరుతుంది, చివరికి బొటనవేలు నేలను వెనక్కి నెడుతుంది. ఆ చివరి నెట్టుడులోనే వేగం ఉంది. రన్నర్లలో చాలామంది నడిచేటప్పుడు దాన్ని వదిలేసి పాదాన్ని ఊరికే ఎత్తేస్తారు. ఒక పది నిమిషాలు వేరే ఏమీ ఆలోచించకుండా, వెనక కాలి బొటనవేలు నేలను వదిలే క్షణాన్నే గమనిస్తూ నడవండి. పిక్కల పైభాగంలో, పిరుదుల్లో కొత్తగా పని తెలుస్తుంది.

ఇంకో ఆశ్చర్యం మొదటి వారాల్లోనే ఎదురవుతుంది. వేగం పెంచిన కాసేపటికి కాలి ముందు ఎముక పక్కన కండ మండుతుంది. ముప్పై కిలోమీటర్లు పరుగెత్తినా రాని నొప్పి రెండు కిలోమీటర్ల నడకకు వచ్చిందేమిటని కంగారుపడకండి. పాదం ముందు భాగాన్ని పైకి లేపి ఉంచేది, మడమ ఆనాక దాన్ని నెమ్మదిగా దించేది ఆ కండే. గంటకు ఏడు కిలోమీటర్లు దాటే వేగంలో పరుగు కన్నా నడకకే దానిమీద భారం ఎక్కువ. ఆ వేగంలో శరీరం తనంతట తానే పరుగులోకి మారాలని చూడటానికి అది కూడా ఒక కారణం. మండితే వేగం తగ్గించండి, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. కుర్చీలో కూర్చుని మడమలు ఆనించి మునివేళ్లు పైకి లేపడం రోజూ ఇరవైసార్లు చేస్తే కొన్ని వారాల్లో ఆ కండ గట్టిపడుతుంది. అయితే నొప్పి కండలో కాకుండా ఎముక మీదే ఒక్కచోట, వేలితో నొక్కితే పట్టిచ్చేలా ఉంటే అది వేరే సంగతి. నడక ఆపి చూపించుకోండి.

బూట్ల విషయంలో హడావిడి వద్దు. ఉన్న రన్నింగ్ షూస్ బాగుంటే అవే చాలు. మడమ దగ్గర మరీ ఎత్తుగా, ఊగేలా ఉన్నవి మాత్రం పక్కనపెట్టండి. 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చుకునే పాత లెక్కనే పాటించవచ్చు. గంట దాటే నడకల్లో పాదాలు ఉబ్బుతాయి కాబట్టి కాలివేళ్ల ముందు చేతి బొటనవేలంత వెడల్పు ఖాళీ ఉండాలి. అదే దూరానికి నడకలో అడుగులు ఎక్కువ పడతాయి, పాదం నేల మీద ఉండే సమయమూ ఎక్కువ. పరుగులో ఎన్నడూ బొబ్బలు రానివాళ్లకు కూడా నడకలో వస్తాయి.

రుచి రావాలంటే రకాలు ఉండాలి

రోజూ ఒకే దారి, ఒకే వేగం అయితే రన్నరుకు నెలలోపే విసుగు పుడుతుంది. ఇంటర్వెల్స్ (వేగం, నెమ్మది మార్చి మార్చి), టెంపో (ఒకే జోరుతో), హిల్స్ (ఎత్తులు ఎక్కుతూ) అంటూ వారాన్ని పంచుకున్న మనిషికి నడకలోనూ ఆ పంపకం కావాలి. ఆరు వారాలు సాఫీగా గడిచి, డాక్టరు సరేనన్నాక వీటిని ఒక్కొక్కటిగా తెచ్చుకోండి. అన్నీ ఒకే వారంలో కాదు.

నాకు అన్నింటికన్నా నచ్చింది జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించిన ఇంటర్వెల్ నడక. మూడు నిమిషాలు బాగా వేగంగా, మూడు నిమిషాలు తీరిగ్గా. ఇలా ఐదుసార్లు చేస్తే అరగంట. వారానికి నాలుగు రోజులు వాళ్లు సూచించింది, మొదట్లో మీరు ఒక్కరోజు చేస్తే చాలు. వేగం మూడు నిమిషాల్లో మాట ముక్కలు ముక్కలుగా రావాలి, తీరిక మూడు నిమిషాల్లో ఊపిరి కుదుటపడాలి. ట్రాక్ మీద ఒకే దూరాన్ని మళ్లీ మళ్లీ వేగంగా పరుగెత్తిన రోజుల్లోని ఆ ఎదురుచూపు, ‘ఇంకొక్కటే’ అనుకోవడం, మళ్లీ దొరుకుతాయి.

తాకిడి పెంచకుండా గుండెకూ ఊపిరితిత్తులకూ పని పెట్టాలంటే ఎత్తు ఎక్కాలి. ట్రెడ్‌మిల్ మీద గంటకు 5.5 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ వాలును సున్నా నుంచి 6 శాతానికి పెంచితే శరీరం వాడే ఆక్సిజన్ సుమారు ఒకటింముప్పావు రెట్లు అవుతుంది. ముందున్న కడ్డీ పట్టుకుంటే ఆ లెక్క పోతుంది. కడ్డీ పట్టుకోక తప్పని వాలు మీకు ఎక్కువైనట్టే. బయట మెట్టల మీద చిక్కు ఎక్కడంలో కన్నా దిగడంలో ఉంది. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బ్రేకులు వేస్తూ సాగుతాయి, మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. చిన్న చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కొద్దిగా వంచి దిగండి. మోకాలి జబ్బువాళ్లకు ట్రెడ్‌మిల్ అందుకే మేలు, ఎక్కడమే తప్ప దిగడం ఉండదు.

నార్డిక్ నడక కర్రలు ప్రయత్నించి చూడండి. ఫిన్లాండ్‌లో స్కీ క్రీడాకారులు మంచు లేని నెలల్లో చేసే సాధన నుంచి వచ్చిన పద్ధతి ఇది. భుజాలు, వీపు కూడా పనిలోకి వస్తాయి, తూలేవాళ్లకు ఆసరా దొరుకుతుంది. కర్ర పొడవు మీ ఎత్తును 0.68తో హెచ్చిస్తే వస్తుంది. 170 సెంటీమీటర్ల మనిషికి సుమారు 115.

నడకను చిన్నచూపు చూసే స్నేహితులు ఉంటే వాళ్లకు రేస్ వాకింగ్ చూపించండి. 20 కిలోమీటర్ల రేస్ వాకింగ్ 1956లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది. 2024 పారిస్‌లో ఈక్వెడార్‌కు చెందిన బ్రయాన్ పింటాడో దాన్ని గంటా 18 నిమిషాల 55 సెకన్లలో పూర్తిచేశాడు. అంటే కిలోమీటరుకు నాలుగు నిమిషాల లోపు, నడుస్తూ! అయితే ముందుకాలు నేలను తాకినప్పటి నుంచి శరీరం దాని మీదికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంచకూడదన్న నియమం కీళ్ల మీద బరువు పెడుతుంది. తుంటి, మోకాలు బాగాలేనివాళ్లు చూసి ఆనందించడమే మంచిది.

వారానికి రెండుసార్లు కండరాల పని మానకండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలు ఎత్తడం, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. ఎముకలకు పరుగు ఇచ్చినంత బలం నడక ఇవ్వదు. ఆ లోటు తీర్చడానికి ఇదే దారి.

మనసు సంగతి

పరుగు పోయినందుకు దుఃఖం వస్తుంది. రావడం సహజం. రన్నింగ్ గ్రూపులో పోస్టులు చూసి కడుపులో తిప్పినట్టు ఉంటే కొన్నాళ్లు మ్యూట్ చేయండి, కానీ గ్రూపు వదిలేయకండి. ఆ స్నేహాలు పరుగు కన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. వాళ్లు పరుగు తగ్గించి తేరుకునే రోజున మీతో నడవమని ఒకరిద్దరిని అడగండి. పోటీ రోజున నీళ్ల దగ్గరో, దారి మలుపులోనో నిలబడండి. 30వ కిలోమీటరు దగ్గర పరుగెత్తేవాడికి ఏ మాట వినాలని ఉంటుందో మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

నడిచేవాళ్లకు తలుపు తెరిచిన పరుగు వేదికలూ ఉన్నాయి. 2004లో లండన్‌లో మొదలై ఎన్నో దేశాలకు పాకిన పార్క్‌రన్‌లో 5 కిలోమీటర్లు నడిచి పూర్తిచేయవచ్చు. అందరికన్నా వెనక ఒక వాలంటీరు నడుస్తారు కాబట్టి మీరు చివరివారు కాలేరు. దూరమే మీ ప్రాణమైతే 1909లో మొదలై ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్ పట్టణంలో జరిగే నాలుగు రోజుల నడక గురించి తెలుసుకోండి. రోజుకు 30, 40 లేదా 50 కిలోమీటర్లు, వరసగా నాలుగు రోజులు. అక్కడికి వెళ్లకపోయినా, నడకలోనూ శిక్షణ తీసుకుని చేరాల్సిన గమ్యాలున్నాయని తెలిస్తే పాత క్యాలెండరు మళ్లీ గోడకెక్కుతుంది.

వెంటనే ఆగాల్సినవి

ఛాతీలో బిగుతు, బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లచెమట, స్పృహ తప్పబోతున్నట్టు ఉండటం, ఉన్నట్టుండి మొదలైన గుండెదడ, ఆగి కూర్చున్నా తగ్గని ఆయాసం. వీటిలో ఏది వచ్చినా అత్యవసర వైద్యానికి ఫోన్ చేయండి, నడిచి ఇంటికి వెళ్దామనుకోకండి. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, అదే రోజు చూపించుకోవాలి. విశ్రాంతిలోనూ, రాత్రుళ్లూ సలిపే ఎముక నొప్పికి కూడా నడక మందు కాదు. నొప్పిని ఓర్చుకోవడం మారథాన్‌లో గొప్ప గుణం. ఈ జాబితాలో ఉన్నవాటికి మాత్రం ఆ గుణాన్ని వాడకండి. ఒంటరిగా వెళ్లేటప్పుడు ఫోనూ, మీ జబ్బూ మందుల పేర్లూ రాసిన చీటీ జేబులో ఉండాలి.

మూడు నెలలయ్యాక

డైరీ తీసుకుని డాక్టరును మళ్లీ కలవండి. నిమిషాలు, కష్టం, మర్నాటి ఒళ్లు అన్నీ వరసగా రాసి ఉంటే ఆయనకు మీ గురించి మీ మాటల కన్నా ఎక్కువ తెలుస్తుంది. అప్పుడే అడగండి, మధ్యలో కొంచెం జాగింగ్ కలపవచ్చా అని. కొందరికి సరేనంటారు. అంటే ఐదు నిమిషాల నడకకు ఒక నిమిషం నెమ్మది జాగింగ్, వారానికి రెండు రోజులు, మెత్తటి నేల మీద, మళ్లీ అదే మర్నాటి పొద్దుటి పరీక్షతో. వద్దంటే లాంగ్ డేను తొంభై నిమిషాలకు ఎలా తీసుకెళ్లాలో, ఏ వేగం దాకా వెళ్లవచ్చో అక్కడే అడిగి, వచ్చే మూడు నెలల ప్రణాళికను ఆ డైరీలో తర్వాతి పేజీలోనే రాసుకుని బయటికి రండి.